నందివర్ధనం ఆకులు రాత్రికి రాత్రి మాయం, పురుగు మాత్రం కనపడట్లేదు. దొరికితే ఫోటో తీయాలని ఉంది

వనస్థలి_మిద్దె | జూలై 3, రాత్రి 9:50
అందరికీ నమస్తే అండీ. మా మిద్దె మీద పెద్ద టబ్బులో నందివర్ధనం ఉంది, రోజూ పూజకి పూలు దానివే. కొన్నాళ్ళుగా పై కొమ్మల ఆకులు రాత్రికి రాత్రి మాయమైపోతున్నాయి, అంచులు కొరికినట్టు కాదు, ఆకంతా పోయి కాడ ఒక్కటే మిగులుతోంది. కింద గచ్చు మీద ముదురు రంగు పెంటికలు, మిరియాల కంటే పెద్దవి. పగలంతా వెతికినా పురుగన్నది కంటికి ఆనట్లేదు. మా అత్తయ్య మందు కొట్టేయమంటున్నారు, నాకేమో ముందు అదేంటో చూడాలి, వీలైతే మంచి ఫోటో తీయాలి అని పట్టుదలగా ఉంది. నా దగ్గర ఫోన్ తప్ప కెమెరా లేదు. ఎలా వెతకాలో చెప్పండి ప్లీజ్.

తూనీగ_రాజమండ్రి | జూలై 3, రాత్రి 10:25
మందు జోలికి వెళ్ళకండమ్మా, రెండ్రోజులు ఆగండి చాలు. పెంటికలే మీకు దారి చూపిస్తాయి. రాత్రి పడుకునే ముందు గచ్చు ఊడ్చేసి మొక్క చుట్టూ పాత న్యూస్‌పేపర్ పరవండి, అంచుల మీద రాళ్ళు పెట్టండి గాలికి ఎగరకుండా. పొద్దున్నే చూస్తే పెంటికలు చెట్టు కిందంతా కాకుండా ఒకట్రెండు చోట్లే పడి ఉంటాయి, అక్కడ కూర్చుని నిట్టనిలువుగా పైకి చూడండి. నిలబడి పైనుంచి చూస్తే దొరకదు, అది ఆకు అడుగున ఈనె వెంబడి సాగి పడుకుంటుంది, ఒంటి పక్కన ఉండే తెల్ల గీత ఈనెలో కలిసిపోతుంది. తాజా పెంటిక మెత్తగా తడిగా ఉంటుంది, పాతది ఎండి గట్టిపడుతుంది, తడిది ఎక్కడుందో పురుగు దాని పైనే.
నందివర్ధనం, గన్నేరు, బిళ్ళగన్నేరు వీటి మీద ఇంత పెంటిక వేసేది మా వైపు ఎక్కువగా గన్నేరు హాక్ మాత్ (సీతాకోకచిలుకలా రెక్కలుండి రాత్రిపూట ఎగిరే పురుగు) పిల్ల. ఒళ్ళు నున్నగా ఉంటుంది, తోక దగ్గర చిన్న కొమ్ము. ఆ కొమ్ము కుట్టదు, భయపడక్కర్లేదు.

కొత్తమొలక_నెల్లూరు | జూలై 4, ఉదయం 7:10
మధ్యలో వస్తున్నా సారీ. మా నిమ్మ మొక్క ఆకు మీద పక్షి రెట్ట ఉంది కదా అని నీళ్ళు కొట్టబోతే అది కదిలింది!! నల్లగా మధ్యలో తెల్ల మచ్చ, తడి తడిగా మెరుస్తోంది. ఇదేం పురుగండీ?

సీతాకోక_తిరుపతి | జూలై 4, ఉదయం 7:55
నీళ్ళు కొట్టొద్దు తమ్ముడూ, అది నిమ్మ సీతాకోకచిలుక పిల్ల, లేదా కామన్ మోర్మన్ పిల్ల, చిన్నప్పుడు రెండూ అలాగే ఉంటాయి. పక్షులు తమ రెట్టని తామే తినవు కాబట్టి ఆ వేషం. ఇంకో రెండు సార్లు చర్మం విడిస్తే అదే పురుగు పచ్చగా అయిపోతుంది, అప్పుడు ఆకుల్లో కలిసిపోతుంది. పచ్చగా అయ్యాక దాని మెడ దగ్గర మెల్లగా వేలు ఆనిస్తే తల వెనక నుంచి ఎర్రటి, నారింజ రంగు పంగలకొమ్ము బయటికి తీసి ఒక ఘాటు వాసన వదులుతుంది, చీమలూ అవీ దగ్గరికి రాకుండా. ఫోటో కోసం మాత్రం పదే పదే కెలకొద్దు, దానికది బెదిరినట్టే, తిండి మానేస్తుంది.
మా స్కూల్లో పిల్లలకి నేను మొదట చూపించేది కరివేపాకు మొక్కే. సీతాకోకచిలుకలు కావాలంటే పూల మొక్కలు పెంచుతారు అందరూ, పూల దగ్గరికి తేనె తాగడానికి వచ్చి వెళ్ళిపోతాయి అంతే. గుడ్లు పెట్టాలంటే పిల్ల తినే ఆకు ఉండాలి. కరివేపాకు, నిమ్మ ఉంటే ఈ రెండు రకాలూ వస్తాయి. గోడవార జిల్లేడు ఒక్కటి ఉండనిస్తే ప్లెయిన్ టైగర్ వస్తుంది, దాని పిల్లకి నలుపు తెలుపు పసుపు పట్టీలు, చూడ్డానికే పండగ. ఈశ్వరి తీగ పెంచితే కామన్ రోజ్ వస్తుంది.

వనస్థలి_మిద్దె | జూలై 4, ఉదయం 8:30
దొరికిందండీ!!! తూనీగ గారూ మీకు వంద దండాలు. పేపర్ మీద పెంటికలు సరిగ్గా ఒక మూలనే, అక్కడ కూర్చుని పైకి చూస్తే ఆకు అడుగున బారుగా, నా మధ్యవేలంత ఉంది. పచ్చటి ఒళ్ళు, పక్కన తెల్ల గీత, గీత చుట్టూ సన్నటి తెల్ల చుక్కలు, తల దగ్గర రెండు పెద్ద నీలం కళ్ళు, చుట్టూ నల్ల అంచు, నేను కొమ్మ పట్టుకోగానే తల లోపలికి ముడుచుకుంది, ఆ నీలం కళ్ళు ఒక్కసారిగా ఉబ్బి నావైపే చూస్తున్నట్టు అయ్యాయి. మా అత్తయ్యని పిలిచి చూపించా, ఆవిడ మందు మాటే మర్చిపోయారు. కానీ ఫోటోలు మొత్తం మసక, పచ్చ మీద పచ్చ, ఏదీ తేలట్లేదు.

తూనీగ_రాజమండ్రి | జూలై 4, ఉదయం 8:50
చాలా సంతోషం అమ్మా. అదే గన్నేరు హాక్ మాత్ పిల్ల, శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. ఆ నీలం కళ్ళు కళ్ళు కావు, పక్షిని బెదిరించడానికి ఒంటి మీద ఉన్న మచ్చలు. అసలు కళ్ళు ఆ ముందున్న చిన్న తల మీద మరీ చిన్నగా ఉంటాయి. ఫోటో సంగతి వైజాగ్ ఆయన చెప్తారు.

క్లిక్_వైజాగ్ | జూలై 4, మధ్యాహ్నం 1:15
చెప్తానండీ, కాస్త పెద్ద పోస్టు.
ముందుగా మీ ఫోన్లో మాక్రో (మరీ దగ్గరి ఫోటోల కోసం) అని విడిగా 2 మెగాపిక్సెల్ కెమెరా ఉంటే దాన్ని వదిలేయండి, దానికంటే మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి ఒక అడుగు దూరం నుంచి తీసి తర్వాత క్రాప్ చేస్తే ఎన్నో రెట్లు నయం. ఈమధ్య ఫోన్లలో అల్ట్రావైడ్ కెమెరాకే ఆటోఫోకస్ ఇచ్చి మాక్రో చేస్తున్నారు, అది బాగుంటుంది కానీ రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరికి వెళ్ళాలి, ఫోన్ నీడ పురుగు మీద పడుతుంది, ఎగిరే పురుగులైతే ఆ నీడకే పారిపోతాయి. మీ పురుగు పారిపోదు కాబట్టి మీకు ఏదైనా పనికొస్తుంది. రెండొందల మూడొందల రూపాయల్లో క్లిప్ లెన్స్‌లు దొరుకుతాయి, మొదలుపెట్టడానికి అది చాలు.
మసక రావడానికి కారణం మూడొంతులు గాలి. కొమ్మ ఊగుతుంటే ఏ కెమెరా అయినా ఏం చేయదు. ఒక కర్ర టబ్బులో గుచ్చి, ఆ కొమ్మని బట్టల క్లిప్పుతో కర్రకి పట్టించండి. పొద్దున ఆరున్నర లోపు గాలి తక్కువ, పురుగుల ఒళ్ళు కూడా ఇంకా వేడెక్కదు కాబట్టి కదలవు, తూనీగలు సీతాకోకచిలుకలు కూడా ఆ టైంలో చెయ్యి దూరంలో ఉండనిస్తాయి. స్క్రీన్ మీద పురుగు తల దగ్గర వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్ లాక్ అవుతుంది, తర్వాత వేలితో వెలుగు కాస్త తగ్గించండి, పచ్చ రంగు అప్పుడే పలుకుతుంది. ఆ తర్వాత జూమ్ ముట్టుకోకుండా మీరే ఒళ్ళు మెల్లగా ముందుకీ వెనక్కీ ఊపుతూ వరసగా తీయండి, అందులో ఏదో ఒకటి తల మీద పదునుగా పడుతుంది.
పచ్చ మీద పచ్చ అన్నారు కదా, పురుగు వెనక రెండడుగుల దూరంలో ఒక నల్ల చున్నీయో ముదురు రంగు దుప్పటో ఎవరినైనా పట్టుకోమనండి, వెనకాల గందరగోళం పోతుంది. ఎండ నేరుగా పడుతుంటే పైన ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టండి, పెంకు పురుగుల మీద ఆ తెల్ల మెరుపు మచ్చలు కూడా దాంతో పోతాయి. ఫోన్ ఫ్లాష్ వద్దు.
పైనుంచి కాదు, దాని ఎత్తుకి దిగి తీయండి. మోకాళ్ళు నేలకానితేనే పురుగు ఫోటో.

లెన్స్_మిత్ర | జూలై 4, సాయంత్రం 6:20
ఇంకో ఉపాయం ఉంది కదా, పురుగుని డబ్బాలో వేసి పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెడితే కదలదు, హాయిగా తీసుకోవచ్చు. చాలామంది అలాగే చేస్తారు.

సీతాకోక_తిరుపతి | జూలై 4, సాయంత్రం 6:45
వద్దు బాబూ. దయచేసి ఇక్కడ పిల్లలు కూడా చదువుతారు, ఆ సలహా ఇవ్వకండి. చలికి బిగుసుకుపోయిన పురుగు కాళ్ళు రెక్కలు పెట్టే తీరే వేరు, తెలిసినవాళ్ళు ఫోటో చూడగానే చెప్పేస్తారు. వెచ్చబడే లోపు చీమలు పట్టినా అది తప్పించుకోలేదు. తెల్లవారుజామున లేస్తే ఆ చల్లదనం ఊరికే దొరుకుతుంది, పురుగు ఉన్న చోటే ఉంటుంది.

క్లిక్_వైజాగ్ | జూలై 4, రాత్రి 7:05
నాదీ అదే మాట. జిగురు పెట్టి అంటించడం, రెక్క తుంచడం లాంటివి కూడా చూశాను ఫోటో పోటీల్లో, చాలా బాధేసింది. మిత్రగారూ మిమ్మల్ని అనట్లేదు, సాయంత్రం పూట తులసి దగ్గర ఒకసారి కూర్చుని చూడండి. నీలం పట్టీల తేనెటీగలు, అమెజిల్లా అంటారు, నల్లటి పొట్ట మీద మెరిసే నీలం గీతలు, పగలు తులసి పూల మీద ఒక్క క్షణం నిలవవు. పొద్దు వాలాక మగవి ఎండు పుల్లని నోటితో కరిచి పట్టుకుని అలాగే నిద్రపోతాయి, ఒక్కో పుల్లకి వరసగా నాలుగైదు కూడా. రోజూ దాదాపు అదే పుల్లకి వస్తాయి. ఎండు పుల్లలు కత్తిరించకుండా వదిలేస్తే చాలు, ట్రైపాడ్ పెట్టుకుని తీరిగ్గా తీసుకోవచ్చు, ఫ్రిజ్ ఎందుకు.

పాలమూరు_రైతుబిడ్డ | జూలై 5, ఉదయం 9:30
అన్నలూ అక్కలూ, నేను అగ్రి బీఎస్సీ చదువుతున్న. ఫోటోలు మంచిగనే ఉన్నయ్ గానీ అన్నిటినీ వదిలేయమంటే ఎట్ల? మా అమ్మ వంకాయ తోటల అక్షింతల పురుగు పడి ఆకులన్నీ జల్లెడ చేసింది. ఆకు పచ్చదనం మొత్తం గీకి తిని ఈనెలు మిగిల్చింది. రైతుకి అది అందమైన పురుగు గాదు.

తూనీగ_రాజమండ్రి | జూలై 5, ఉదయం 10:10
నువ్వన్నది సబబే బాబూ, రైతు కష్టం రైతుదే. కానీ అందుకే ముందు దగ్గరగా చూడమనేది. వంకాయ ఆకు తినే అక్షింతల పురుగుకి వీపు మీద సన్నటి నూగు ఉంటుంది, అందువల్ల మెరుపు ఉండదు, మట్టి రంగు మీద 28 చుక్కలు దాకా ఉంటాయి. పేనుబంకని (మొక్క రసం పీల్చే సన్న పురుగుల్ని) తినే అక్షింతల పురుగు వీపు నున్నగా అద్దంలా మెరుస్తుంది, ఫోటో తీస్తే ఆకాశం తెల్ల మచ్చగా అందులో పడుతుంది. మన తోటల్లో ఎక్కువ కనిపించే వాటికి నారింజ ఒంటి మీద నల్లటి వంకర గీతలు ఉంటాయి. పిల్లలు కూడా వేరే, వంకాయ దాని పిల్ల పసుపుగా ఒళ్ళంతా కొమ్మలు కొమ్మలుగా ముళ్ళతో ఉంటుంది. పేనుబంక తినే దాని పిల్ల నల్లగా పొడుగ్గా, మొసలి పిల్లకి కాళ్ళు ఎక్కువొచ్చినట్టు ఉంటుంది, పాపం జనం దాన్నే ముందు నలిపేస్తారు భయపడి. ఒకే వంగ తోటలో రెండూ ఉంటాయి, మందు కొడితే రెండూ పోతాయి, ముందుగా తిరిగొచ్చేది పేనుబంకే.

పాలమూరు_రైతుబిడ్డ | జూలై 5, ఉదయం 11:00
ఇది కరెక్టే అన్న. మాకు క్లాసుల గూడ చెప్తరు, బదనికలు, అంటే పురుగు ఒంట్ల పెరిగి దాన్ని చంపే బుల్లి కందిరీగల అసుంటివి, ఉన్నయా లేవా చూసి మందు కొట్టాలె అని. ఆముదంల దాసరి పురుగు వస్తది, దాని వెనక కాళ్ళ కాడ ఒక చిన్న గూడు అంటుకుని ఉంటే ఆ పురుగు పని అయిపోయినట్టే, లోపల పెరిగిన బుల్లి కందిరీగ పిల్ల బయటికొచ్చి కట్టుకున్న గూడు అది. అట్లాంటివి చేన్ల చానా కనిపిస్తే మందు ఆపుకోవచ్చు. నేను ఇప్పుడు ఫోన్ల ఫోటో తీసి మా ఊరి వాట్సాప్ గ్రూపుల పెడుతున్న, మాటల్ల చెప్తే నమ్మనోళ్ళు గూడు ఫోటో చూసి నమ్ముతున్నరు.

డాలస్_గోంగూర | జూలై 5, రాత్రి 8:40
ఈ థ్రెడ్ చూసి ఆగలేక రాస్తున్నా. మేం డాలస్‌లో పెరట్లో టమాటా వేశాం, ఇక్కడ హార్న్‌వర్మ్ అని అచ్చం మీ నందివర్ధనం పురుగు చుట్టమే, అదీ హాక్ మాత్ పిల్లే, తోక కొమ్ముతో సహా. ఒక్క రాత్రిలో సగం మొక్క మాయం. దాని వీపు మీద తెల్లటి చిన్న చిన్న గూళ్ళు బోలెడు నిలబెట్టినట్టు కనపడ్డాయి, గుడ్లు అనుకుని మావారు నలపబోతే పక్కింటి పెద్దావిడ ఆపింది, అవి చిన్న కందిరీగల గూళ్ళు, అలా ఉన్న పురుగుని తోటలోనే వదిలేస్తే వచ్చే కందిరీగలు మిగతా పురుగుల పని చూస్తాయి అని. అలాగే వదిలేశాం. ఇక్కడ చాలామంది రాత్రి యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి వేసి వెతుకుతారు, ఆ కాంతికి హార్న్‌వర్మ్ ఒళ్ళు ఆకుల మధ్య వెలిగిపోతూ కనపడుతుంది, పగలు గంట వెతికినా దొరకనిది రాత్రి ఒక్క నిమిషంలో దొరికేస్తుంది.

వనస్థలి_మిద్దె | జూలై 6, సాయంత్రం 5:30
అర్జెంట్! నా పురుగు పొద్దున్నుంచి తినట్లేదు, పచ్చ రంగు పోయి గోధుమ రంగులోకి, వీపంతా నల్లబడినట్టు అయిపోయింది, టబ్బులోంచి దిగి గచ్చు మీద గబగబా తిరుగుతోంది. జబ్బు చేసిందా? చచ్చిపోతుందా? ఏడుపొస్తోంది.

తూనీగ_రాజమండ్రి | జూలై 6, సాయంత్రం 5:40
కంగారు పడకండి, ఆరోగ్యంగానే ఉంది. ప్యూపా (రెక్కల పురుగుగా మారే ముందు తిండీ నడకా లేకుండా ఉండే దశ) అవ్వడానికి చోటు వెతుక్కుంటోంది, ఆ టైంలో రంగు అలాగే మారుతుంది. నేల మీద ఎండుటాకుల్లోకి వెళ్ళాలి దానికి. మిద్దె మీద గచ్చే కాబట్టి దారి దొరక్క తిరుగుతోంది. ఒక పాత బకెట్లో నాలుగు వేళ్ళ మందం పొడి మట్టి, పైన ఎండుటాకులు దండిగా వేసి అందులో వదలండి, పైన పల్చటి గుడ్డ కట్టండి, ఎండ తగలని చోట పెట్టండి. నీళ్ళు పోయొద్దు, పైన కాస్త చిలకరిస్తే చాలు. లోపల ఒక గరుకు పుల్ల ఏటవాలుగా పెట్టడం మర్చిపోకండి, మాత్ బయటికొచ్చాక ఏదో ఒకటి పట్టుకుని వేలాడితేనే రెక్కలు సాగుతాయి, పట్టు దొరక్కపోతే ముడతలు పడి ఉండిపోతాయి. రెండు వారాలు అటూ ఇటూ.

కొత్తమొలక_నెల్లూరు | జూలై 9, రాత్రి 9:15
మరి ఏ పురుగో కనుక్కోవడం ఎలా? నేను తీసిన సీతాకోకచిలుక ప్లెయిన్ టైగర్ అని ఒకరు, కాదు డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది అని ఇంకొకరు అంటున్నారు.

సీతాకోక_తిరుపతి | జూలై 9, రాత్రి 9:50
రెక్కలు విప్పినప్పుడు పైనుంచి ఒకటి, మూసినప్పుడు పక్క నుంచి ఒకటి, రెండూ ఉండాలి తమ్ముడూ. ప్లెయిన్ టైగర్ వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లై ఆడదానికి ఒక్కటే. ప్లెయిన్ టైగర్ జిల్లేడు తిని పెరిగింది కాబట్టి పక్షులకి అది చేదు, ఎగ్‌ఫ్లై దాని వేషం వేసుకుని బతుకుతుంది. అలాగే కామన్ రోజ్ ఒళ్ళు ఎర్రగా ఉంటుంది, దాన్ని అనుకరించే కామన్ మోర్మన్ ఆడదాని ఒళ్ళు నల్లగా ఉంటుంది, రెక్కలు ఎంత బాగా తీసినా ఒళ్ళు కనపడకపోతే తేల్చలేం. ఏ మొక్క మీద ఉందో ఆ ఆకు కూడా ఒక ఫోటో తీయండి, సగం గుర్తింపు అక్కడే అయిపోతుంది.
ఐనాచురలిస్ట్‌లో పెట్టండి, ముందు యాప్ ఒక పేరు సూచిస్తుంది, అదే ఖాయం అనుకోవద్దు, తర్వాత తెలిసినవాళ్ళు చూసి సరిచేస్తారు. సీతాకోకచిలుకలకైతే బటర్‌ఫ్లైస్ ఆఫ్ ఇండియా వెబ్‌సైట్ చాలా మంచిది, గుడ్డు దగ్గర్నుంచి ఫోటోలుంటాయి. ఒక జాగ్రత్త, ఇంట్లో తీసినవి పెట్టేటప్పుడు లొకేషన్ దగ్గర అబ్‌స్క్యూర్డ్ అని ఎంచుకోండి, లేకపోతే మీ ఇల్లు మ్యాప్ మీద కచ్చితంగా కనపడుతుంది. ఆడపిల్లలకి మరీ చెప్తున్నా.

పాలమూరు_రైతుబిడ్డ | జూలై 10, ఉదయం 7:20
మా దగ్గర ఆరుద్ర కార్తెల వానకి ఎర్ర మొఖమల్ లెక్క ఆరుద్ర పురుగులు వచ్చినయ్, ఐనాచురలిస్ట్ల పెడితే కీటకం గాదు మైట్, అంటే సాలెపురుగు చుట్టం అని వచ్చింది. కాళ్ళు లెక్కబెట్టిన, ఎనిమిదే ఉన్నయ్! చిన్నప్పటిసంది చేతుల మీద పాకించుకున్న, ఎన్నడు లెక్కపెట్టలే.

వనస్థలి_మిద్దె | జూలై 21, రాత్రి 10:40
వచ్చేసింది!!! రాత్రి ఎనిమిదింటికి గుడ్డ తీసి చూస్తే పుల్లకి వేలాడుతోంది. పచ్చలో ఎన్ని పచ్చలో, మధ్యలో లేత గులాబీ, తెల్ల గీతలు. క్లిక్ గారు చెప్పినట్టు వెనకాల నల్ల చున్నీ మా అత్తయ్య పట్టుకున్నారు, మా అబ్బాయి రెండో ఫోన్ టార్చి మీద టిష్యూ పేపర్ పెట్టి పక్కనుంచి వెలుగు చూపించాడు, తల మీద ఉన్న నూగు కూడా విడివిడిగా పడింది ఫోటోలో. ఒళ్ళు అదురుతూ రెక్కలు వేడి చేసుకుని ఒక్కసారిగా వెళ్ళిపోయింది. ఇంకా ఇలాంటివి రాత్రిపూట మా మిద్దె మీదకి ఎన్ని వస్తాయో చూడాలని ఉంది, తెల్ల దుప్పటి కట్టి లైట్ వేస్తారంట కదా, ఎలా?

క్లిక్_వైజాగ్ | జూలై 21, రాత్రి 11:05
అబ్బ, ఏం ఫోటో అండీ! ఫోన్‌తో ఇంత వివరం రావడం మామూలు విషయం కాదు. ఆ మీసాల మీద ఫోకస్ చూడండి.

తూనీగ_రాజమండ్రి | జూలై 22, ఉదయం 6:30
దుప్పటి మంచి ఆలోచన, టైం కూడా కుదిరింది, జూలై చివరి వారంలో నేషనల్ మాత్ వీక్ అని అమెరికాలో 2012లో మొదలైంది, ఇప్పుడు మన దేశంలో కూడా చాలామంది చేస్తున్నారు. మామూలు తెల్ల ఎల్‌ఈడీ బల్బుకి పెద్దగా రావు, అందులో యూవీ ఉండదు. యూవీ ట్యూబ్ లైట్ (బ్లాక్‌లైట్ అంటారు, క్రిముల్ని చంపే యూవీ-సీ దీపం కాదు) అని ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది, దానికేసి నేరుగా చూడొద్దు, పిల్లలకి ముందే చెప్పండి. ముడతల్లేకుండా కట్టండి, దుప్పటి అంచు కింద నేల మీదకి కూడా రెండడుగులు పరవండి, చాలా పురుగులు కిందే వాలతాయి. అమావాస్య దగ్గర్లో, సాయంత్రం వాన పడి ఆగిన రాత్రి అయితే ఇంకా మేలు. చుట్టుపక్కల వేరే లైట్లు ఆర్పేయండి. నడిచేటప్పుడు కింద చూసుకుని నడవండి, తొక్కేస్తాం. పచ్చగా ముళ్ళు ముళ్ళుగా ఉన్న పురుగు కానీ, బొచ్చు పురుగు కానీ కనపడితే చేత్తో ముట్టుకోవద్దు, మంటలు దద్దుర్లు వస్తాయి.

వనస్థలి_మిద్దె | జూలై 22, ఉదయం 8:00
రాత్రంతా ఉంచొచ్చా అండీ లైట్? తెల్లవారుజామున లేచి తీద్దామని.

తూనీగ_రాజమండ్రి | జూలై 22, ఉదయం 8:15
వద్దమ్మా, పదిన్నర పదకొండుకి ఆపేయండి. తెల్లారేదాకా ఉంచితే బల్లులు, పొద్దున పిట్టలు వచ్చి దుప్పటి మీదున్నవన్నీ ఏరుకుని తినేస్తాయి. ముందు లైట్ ఆర్పి, ఒక పావుగంట ఆగి, మిగిలినవాటిని మెల్లగా కుండీల ఆకుల మీదకి దులపండి. వరసగా రోజూ పెట్టొద్దు, మధ్యలో కొన్నాళ్ళు వదలండి, వాటికీ తిండి, జత వెతుక్కునే టైం కావాలి.

పాలమూరు_రైతుబిడ్డ | జూలై 22, ఉదయం 9:05
మేము గూడ శనివారం బాయి కాడ కడుతున్నం అన్న, ట్యూబ్ లైట్ దొరికింది. ఏమేం వచ్చినయో ఇదే థ్రెడ్ల పెడ్త, పేర్లు మీరు చెప్పాలె.